తోలు జాకెట్ మీద నాలుగేళ్ల మడత

మీ ఇంట్లో తోలు వస్తువు ఏ అరలో ఉంటుంది?

చెప్పుల సంగతి అడగడం లేదు. చెప్పులు గడప బయట విడవడానికి మట్టి, దుమ్ము అనే కారణాలున్నాయి, వాటిని నేను ఒప్పుకుంటాను. నేలను ఎన్నడూ తాకనిది, అయినా తోలుతో చేసింది ఏదైనా ఉంటుంది గదా, ఒక జాకెట్, ఒక సంచి, ఒక బెల్టు. అది మీ బీరువాలో బట్టల మధ్య ఉందా? లేక ఎక్కడుందో మీకు వెంటనే గుర్తు రావడం లేదా?

ఈ ప్రశ్న నేను క్యాంపస్‌లో జరిగే ఆదివారం చర్చల్లో చాలామందిని అడిగాను. అడిగి, వాళ్లు తడబడుతుంటే మంచినీళ్లు తాగేదాన్ని. నన్ను మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు. వేదిక మీద ఉన్నవాళ్లను ప్రశ్నించే అలవాటు మనకు తక్కువ. ఈ మాట కూడా నేను వేదిక మీద నుంచే చెప్పాను.

నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతాను. తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో అమ్మా నేనూ ఉంటాం. నాన్న కర్నూలు నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి, విద్యానగర్‌లో అద్దె ఇళ్లు మారి మారి, చివరికి ఈ ఫ్లాట్ కొన్నాడు. ఇప్పుడు ఆయన లేడు, ఆయన పంచెలు రెండు బీరువాలో ఉన్నాయి. కాసేపట్లో ఇంకొకరి కులం రాయబోతున్నాను. నాది రాయకపోతే అన్యాయం కనుక ముందే చెబుతున్నాను: మాది బ్రాహ్మణ కుటుంబం. అమ్మకు మడి ఉంది. నేను పదహారో ఏట దేవుణ్ణి వదిలేశాను. ఇద్దరికీ కలిపి ఒకటే వంటగది.

అమ్మతో నేను చేసిన యుద్ధాల్లో ఒక్కటి గెలిచాను. అది గ్లాసుల యుద్ధం.

ఎమ్మెస్సీలో నాకు ఒక స్నేహితురాలు దొరికింది. రామంతాపూర్ పిల్ల. ఇంటికి పోయే దారిలో మా ఇంట్లో ఆగి కాఫీ తాగేది. "మేం మాదిగోళ్లం, మా నాయిన తోలు కుడ్తడు" అని మొదటి రోజే అమ్మకు చెప్పేసింది. తర్వాత ఎవరో చెప్పి తెలిసే కన్నా ముందే చెబితే టైము కలిసొస్తుందని ఆమె లెక్క. ఆమె మూడోసారి వచ్చినప్పుడు నేను గమనించాను. అమ్మ ఆమెకు ఎప్పుడూ ఒకే గ్లాసులో కాఫీ ఇస్తోంది. పక్కన సొట్ట ఉన్న స్టీలు గ్లాసు. తోమాక అది కిటికీ గట్టు మీదికి పోతోంది, మిగతావి అలమరలోకి పోతున్నాయి. ఆ సాయంత్రం రోకలి తీసుకుని, ఇంట్లో ఉన్న గ్లాసులన్నింటికీ అదే చోట అదే సొట్ట పెట్టి కలిపేశాను. అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఏ గ్లాసు ఎవరిదో చెప్పడం ఆమె వల్ల కూడా కాలేదు. ఇప్పటికీ మా ఇంటి గ్లాసులన్నీ సొట్టవే.

ఈ కథ సభల్లో చెబుతాను. చప్పట్లు వస్తాయి. మొదటిసారి చెప్పినప్పుడు స్నేహితురాలు చివరి వరసలో కూచుంది. బయటికి వచ్చాక, "గ్లాసుల కత మంచిగనే ఉన్నది. ఇంక ఏమేం సొట్టలు పెట్టాల్నో గూడ లిస్టు రాస్కో" అంది.

నేను లిస్టు రాసుకోలేదు.

ఇక జాకెట్ సంగతి. ఆమె పీహెచ్‌డీ చేసే రోజుల్లో చలికాలం పొద్దున్నే రామంతాపూర్ నుంచి స్కూటీ మీద ల్యాబ్‌కు వచ్చేది. వాళ్ల నాన్న ఒక షెడ్డులో జాకెట్లు, సంచులు కుట్టేవాడు. అక్కడి పని అయిపోయాక మిగిలిన గంటల్లో, రెండు నెలలు కూచుని, కూతురికి ఒక జాకెట్ కుట్టాడు. ముదురు గోధుమ రంగు, మేక తోలు, మెత్తటి లైనింగు. ఆ తర్వాత ఆయన కళ్లకు శుక్లాలు ముదిరాయి. సూదిలోకి దారం ఎక్కించడం కష్టమై షెడ్డు మానేశాడు. మొదటి నుంచి చివరిదాకా ఆయనే కుట్టిన ఆఖరి జాకెట్ అదే.

నాలుగేళ్ల కింద ఆమెకు సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పోయే ముందు జాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గాడ సముద్రపు గాలి. తోలుకు బూజు పడ్తది. మా ఇంట్ల చూస్తే పైకప్పు కారుతది. నీ బీరువల తగిలియ్యి. తగిలియ్యి అంటున్న, విన్నవా? మడత పెట్టకు."

"నా బట్టల మధ్యే ఉంటుంది" అన్నాను.

"నీ బట్టల మధ్యన? మీ అమ్మ?"

"మా ఇంట్లో అలాంటివేం లేవు. గ్లాసులు చూశావుగా."

"చూసిన" అంది.

మొన్న సెప్టెంబరులో ఒక మంగళవారం ఫోన్ చేసింది. ఉత్తరాన కొండల్లో ఉన్న ఊళ్లో మూడు నెలల ట్రైనింగ్ పడిందట, అక్కడి చలికి జాకెట్ కావాలట. వాళ్ల నాన్నకు కంటి ఆపరేషన్ అయింది, చెకప్ తార్నాకలోనే.

"శనివారం ఇద్దరం వస్తున్నం. నాయినకు ఇప్పుడు మంచిగ కనపడ్తున్నది. జాకెట్ చూస్త అంటున్నడు. ఉన్నది గద?"

"ఉంది" అన్నాను.

యూనివర్సిటీ నుంచి వచ్చి బీరువా తెరిచాను. అది అక్కడే ఉంటుందని నిజంగానే నమ్మాను, రోజూ తెరిచే బీరువాలో దాన్ని చివరిసారి ఎప్పుడు చూశానో ఆలోచించనే లేదు. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పై అరలో అమ్మ పట్టుచీరలు, కింద నా చీరలు, కుర్తాలు, ఒక స్వెట్టరు, నాన్న పంచెలు ఉన్నాయి. జాకెట్ లేదు.

అమ్మ హాల్లో కూచుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది.

"అమ్మా, ఆ లెదర్ జాకెట్ ఏది?"

"అటక మీద ఉండాది" అంది, తల ఎత్తకుండా.

"అటక మీదికి ఎందుకు పోయింది?"

"పోయేదానికి దానికేమన్నా కాళ్లుండాయా?"

నేను విచారణ అంతటితో ముగించాను. మడి కట్టుకునే మనిషి, తోలు వస్తువు, అటక. ఈ మూడింటినీ కలిపి తీర్పు చెప్పడానికి నాకు స్టూలు తెచ్చుకునేంత సేపు కూడా పట్టలేదు.

స్టూలెక్కాను. ముందు పుస్తకాల కట్టలు రెండు తగిలాయి. మూఢనమ్మకాల మీద నేను రాసి, అచ్చు వేయించి, అమ్మలేకపోయిన చిన్న పుస్తకం. బరువైన కట్టలు, ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టుకుని దించాను. వాటి కింద ఒక ఫ్లెక్సీ మూట. క్యాంపస్ గేటు దగ్గర ఒకప్పుడు మేం కట్టిన ఫ్లెక్సీ అది: "కుల నిర్మూలన: బహిరంగ చర్చ. అందరూ ఆహ్వానితులే." కింది మూలలో వక్తగా నా ఫొటో. ఫ్లెక్సీ విప్పితే లోపల జాకెట్, నాలుగు మడతలు వేసి ఉంది. నాలుగేళ్లుగా అది నా మొహానికి ఆనుకుని పడుకుంది.

అమ్మ వెటకారానికీ ఒక హద్దుండాలి అనుకున్నాను.

జాకెట్ మంచం మీద పరిచాను. వీపు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, పలక మీద పిల్లలు వేసే కూడిక గుర్తు లాగా. చేతులు అప్పడాల్లా చదునుగా అణిగిపోయాయి. కాలర్ ఒక వైపు మడతపడి అలాగే బిగుసుకుంది. ముందువైపు లెక్కలేనన్ని సన్న ముడతలు. అరచేత్తో రుద్దాను. గీత కాసేపు తప్పుకుని మళ్లీ తన చోటికి వచ్చింది.

శనివారానికి మధ్యలో మూడు రోజులున్నాయి. ఈ గీతలతో జాకెట్ ఆమె చేతికిస్తే, అది నా బట్టల మధ్య వేలాడలేదని చెప్పడానికి ఇంకో సాక్షి అక్కర్లేదు. నేనిచ్చిన మాట ఒకటి పోతుంది. ఆ మాట వెనక ఉన్న గ్లాసుల కథ పోతుంది. ఇరవై ఏళ్లుగా ఆమె నా పక్కన కూచుని నమ్మీ నమ్మనట్టు వింటున్నదంతా పోతుంది. అందుకని నిజం ఎలా చెప్పాలా అని ఆలోచించడం మానేసి, ముడతలు ఎలా పోగొట్టాలా అని ఆలోచించాను. హేతువాదులు కూడా ఆపదలో ముందు సాక్ష్యాన్ని చెరిపే పని మీదే పడతారు.

బుధవారం జాకెట్ తీసుకుని మాణికేశ్వర్ నగర్ వైపు సందులో ఉండే ఇస్త్రీ బండి దగ్గరికి పోయాను. బండి అతను ఎన్నేళ్లుగానో నా కాటన్ చీరలు చేస్తున్నాడు. జాకెట్ చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తోలు మీద పెట్ట మేడం."

"ఎందుకు పెట్టవు?"

"పెట్ట. వేరే ఏమన్న ఉంటే తెండ్రి."

నాకు వెంటనే అర్థమైందనుకున్నాను. సందులో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. తోలు ముట్టుకుంటే మైల అనేది ఎవరు పుట్టించారో, ఎవరికి లాభించిందో చెప్పాను. నీ కాళ్లకున్న చెప్పులు ఏమిటని అడిగాను. రబ్బరు చెప్పులని చూపించాడు. మాంసం తింటావా అని అడిగాను.

"తింట మేడం."

"మాంసం తింటావు, తోలు మాత్రం ముట్టవు."

అతను ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టాడు.

"మేడం, మాంసం పెనం మీద ఏస్తే ఏమైతది?"

"వేగుతుంది."

"ఏగక ముందు?"

ఆలోచించాను. "ముడుచుకుంటుంది."

"గిది గూడ గంతే. నాది బొగ్గుల పెట్టె. వేడి తక్కువ చేసెతందుకు దీనికి బటన్ లేదు. పెట్టిన్నంటే మీ జాకెట్ చంటిపోరికి సరిపోతది. మీకు ఓకేనా?"

బట్టల కోసం నిలబడ్డ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంట్ల కరెంటు పెట్టె ఉన్నదా? అన్నిటికంటె తక్కువల పెట్టుండ్రి. మధ్యల పల్చటి నూలుగుడ్డ ఎయ్యుండ్రి. పెట్టెను ఒక్కకాడ ఆపకుండ్రి" అన్నాడు. తర్వాత బొగ్గులు ఊదుకుంటూ, "ఇంక మీరేందో కులం గురించి చెప్తున్నరు, చెప్పుండ్రి. నేను పని చేస్కుంట వింట" అన్నాడు.

మిగిలింది చెప్పకుండా ఇంటికి వచ్చాను. పుస్తకాలు తిరగేస్తే అతను చెప్పిందే ఉంది. తోలు అంటే ఒకదానిలో ఒకటి అల్లుకున్న సన్నటి పోగులు. కాస్త వెచ్చదనం, కాస్త తేమ తగిలితే ఆ పోగులు సడలి పక్కకు జరుగుతాయి, అప్పుడు ముడత విడుస్తుంది. వేడి మితిమీరితే బిగుసుకుపోతాయి, మళ్లీ చాచుకోవు. పాతికేళ్లుగా ఫిజిక్స్ చదువుతున్న నేను ఈ మాటను ఒక పెనం ఉదాహరణతో, సందులో, అందరి ముందూ నేర్చుకున్నాను.

గురువారం ఆవిరి పట్టాను. భుజాలు వెడల్పుగా ఉండే చెక్క హ్యాంగరు ఒకటి తార్నాకలోనే దొరికింది. తీగ హ్యాంగరు అయితే భుజాల దగ్గర రెండు ముక్కులు పొడుచుకొస్తాయి. జాకెట్‌ను బాత్రూమ్ తలుపు కొక్కేనికి తగిలించి, గీజర్ నుంచి రెండు బకెట్ల పొగలు కక్కే నీళ్లు పట్టి, నీటి చుక్క మీద పడనంత దూరంలో పెట్టి, తలుపు మూసేశాను. బయట స్టూలేసుకుని కూచున్నాను. అమ్మ వచ్చింది.

"లోపల ఎవరు?"

"జాకెట్. ఆవిరి స్నానం."

అమ్మ కాసేపు తలుపును చూసింది. "ఎంతసేపు?"

"పావుగంట. దానికి నీళ్లు తగలకూడదు."

"నీళ్లు తగలకుంటే అదేం స్నానమే" అంటూ వంటింట్లోకి పోయింది.

పావుగంట తర్వాత తీశాను. తోలు గోరువెచ్చగా, మెత్తగా ఉంది. మంచం మీద పరిచి అరచేతులతో నడుమ నుంచి అంచులకు నిమిరాను. చేతుల్లోకి పాత తువ్వాళ్లు చుట్టి కూరాను. కాలర్‌ను సరైన వైపు వంచి బట్టల క్లిప్పులు పెట్టబోయి, క్లిప్పు అచ్చు పడుతుందని మానేశాను. ఫ్యాన్ గాలికి, ఎండ తగలని చోట, ఆరనిచ్చాను. సాయంత్రానికి సన్న ముడతలన్నీ పోయాయి. చేతులకు గుండ్రటి ఆకారం వచ్చింది. కూడిక గుర్తు మాత్రం పలచబడి అక్కడే ఉంది.

శుక్రవారం పొద్దున కరెంటు ఇస్త్రీ పెట్టె తీశాను. అన్నిటికంటే తక్కువ వేడి మీద పెట్టి, ముందు జాకెట్ లోపలి అంచున, ఎవరికీ కనపడని చోట పరీక్షించాను. రంగు మారలేదు, ముడుచుకోలేదు. నాన్న పాత పంచె రెండు మడతలు వేసి వీపు మీద పరిచి, పెట్టెను ఆపకుండా జరుపుతూ మొదలుపెట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఆ పెట్టె నా పట్టుచీరల మీద పెట్టేది."

"మధ్యలో నాన్న పంచె ఉంది. పెట్టె తోలును తాకడం లేదు."

"పంచె తాకుతాండాది గదా."

"పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? పురుగుల్ని ఉడకబెట్టి..."

"ఆ పురుగుల సంగతి నువ్వు ఇస్కూల్లో ఉన్నప్పటి నుంచి చెప్తానే ఉండావు."

"తాతయ్య జింక తోలు మీద కూచుని జపం చేసేవాడా, లేదా?"

"చేసేవాడు."

"మామయ్య భజనలో మృదంగం వాయిస్తాడు. అదేం తోలు?"

"నన్నడుగుతావేమే? వాణ్ణే అడుగు. మొన్న ఫోన్ చేసినాడు గదా."

నలభై ఏళ్లుగా అమ్మ నాకు ఇచ్చిన జవాబులన్నీ ఇలాంటివే. వాదనలో ఆమె ఎప్పుడూ ఓడిపోతుంది, ఏదీ మారదు. మూడు రోజులుగా అణచిపెట్టుకున్నది బయటికి వచ్చింది.

"జవాబు లేనప్పుడు వస్తువును అటక మీద పడేయడం తేలిక."

"ఎవరు పడేసింది?"

"నువ్వే."

"నేనా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నేను దాన్ని ముట్టుకుంటానా?"

పెట్టె నా చేతిలో ఆగిపోయింది. ఒక్కచోట ఆపవద్దన్న మాట గుర్తొచ్చి చటుక్కున ఎత్తాను. జాకెట్‌కు ఏమీ కాలేదు.

"నా మోకాళ్లతో స్టూలెక్కుతానా? నీ పుస్తకాల కట్ట ఎత్తగలనా? నాలుగేండ్ల కిందట వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే నువ్వే ఎక్కి పెట్టినావు. కర్నూలు నుంచి మీ పిన్నివాళ్లు వస్తాండారని. నాకేమన్నా చెప్పినావా, అడిగినావా?"

"అంతకుముందు అది బీరువాలో ఉండటం నువ్వు చూశావా?"

"నెల దినాలు చూసినా. ఏమనాల? నీతో వాదించేదానికి నాకు ఓపిక యాడిది? నా పట్టుచీరలు పై అరలోకి మార్చుకున్నా, అంతే."

అమ్మ లోపలికి పోయింది. నేను మంచం అంచున కూచున్నాను.

మడి మనిషి తోలు ముట్టదు. తోలు అటక మీద ఉంది. కనుక దాన్ని అక్కడ పెట్టింది మడి మనిషి కాదు. మూడు వాక్యాలు. ఇంటర్ పిల్లలకు ఇస్తే రెండు నిమిషాల్లో చేస్తారు. ఫ్లెక్సీ నాది. పుస్తకాలు నావి. ఆ ఇంట్లో స్టూలెక్కి అటక అందుకోగలిగేది నేనొక్కదాన్నే. ఇన్ని ఆధారాలను చేతులతో దించి, మంచం మీద పరిచి కూడా, నేరం ఆచారం ఉన్న మనిషిదే అనుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో మూఢత్వం ఎవరి శాఖో మేం ఎప్పుడో పంచుకున్నాం.

అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. పిన్ని వస్తే అమ్మ కొత్త చీరలు చూడటానికి బీరువా తెరుస్తుంది. తోలు జాకెట్ చూస్తుంది. ఎవరిదని అడుగుతుంది. వ్రతం రోజు, పది మంది ముందు, నేను జవాబు చెప్పాలి. సభలో అయితే చెప్పేదాన్నే. పిన్ని ముందు మాత్రం, ఈ ఒక్కరోజుకు గొడవెందుకు, రేపు దించుదాం అనుకున్నాను. మర్నాడు పేపర్లు దిద్దాలి. ఆ రేపు నాలుగేళ్లు పట్టింది.

శనివారం పదకొండు దాటాక వాళ్లొచ్చారు. స్నేహితురాలి నాన్న నల్లద్దాలు పెట్టుకుని, లిఫ్టు వద్దని మెట్లన్నీ తానే ఎక్కి వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసును తిప్పి చూశాడు.

"గీ గ్లాసుకేందమ్మా, సొట్ట?"

"అన్నిటికున్నది నాయినా. గదొక పెద్ద కత" అంది స్నేహితురాలు.

హ్యాంగరు మీదున్న జాకెట్ తెచ్చి ఇచ్చాను. దూరం నుంచి చూస్తే కొత్తదిలా ఉంది. ఆయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, బాల్కనీ వెలుతుర్లోకి తీసుకుపోయాడు. తన కుట్లను తానే కాసేపు చూసుకున్నాడు. తర్వాత వీపు మీద బొటనవేలు పెట్టి, మెడ నుంచి కిందికి, మెల్లగా జరిపాడు. సగం వీపు దగ్గర వేలు ఆగింది.

"ఏసుకుంటె పడే ముడత మోచేతుల కాడ పడ్తది, నడుం కాడ పడ్తది. నడి వీపుల ఇట్ల గీత గీసినట్టు పడది" అన్నాడు. "దీన్ని నాలుగు మడతలు పెట్టిన్రు. మీద బరువున్నది. గాలి తగల్నియ్యలె. ఎవరు పెట్టిన్రు బిడ్డా?"

ఆయన గొంతులో కోపం లేదు. పని ఎక్కడ చెడిందో తెలుసుకోవాలని అడిగాడు, అంతే.

స్నేహితురాలు అమ్మ వైపు చూసింది. మంగళవారం నేను చూసినట్టే. అమ్మ కాఫీ గిన్నె పట్టుకుని ఎవరి వైపూ చూడకుండా నిలబడింది. ఆమె చెప్పదని నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటే చాలు, నేరం దానంతట అదే పోయి అమ్మ మీద కూచుంటుంది. అందరూ నమ్ముతారు. అమ్మ కాదని కూడా అనదు.

"నేనే పెట్టాను కాకా" అన్నాను.

"నువ్వా?" అంది స్నేహితురాలు.

వ్రతం, పిన్ని, బీరువా, ఫ్లెక్సీ, పుస్తకాలు, మొత్తం చెప్పాను. మూడు రోజులు అమ్మను అనుమానించిన సంగతీ చెప్పాను. స్నేహితురాలు తన గ్లాసులో కాఫీ అయిపోయేదాకా తాగింది.

"ఇన్ని గ్లాసులకు సొట్టలు పెట్టినవ్. మీ పిన్నికి భయపడ్డవ్."

"భయం కాదు..."

"మరి ఏంది?"

వేరే మాట కోసం వెతికాను. "భయమే" అన్నాను.

"గిది మీటింగ్‌ల చెప్తవా?"

"చెబుతాను."

"చప్పట్లు రావు మల్ల."

వాళ్ల నాన్నకు మా పంచాయతీ పట్టలేదు. జాకెట్ తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఆవిరి మంచిగనె పట్టిచ్చినవ్ బిడ్డా. గుడ్డ ఏసి పెట్టె పెట్టినవ్, అందుకె మెరుపు మచ్చలు పడలె. మిగిలింది పెట్టెతోని పోదు. ఒంటి వేడితోని పోతది. ఎవలన్న ఏసుకొని కూసోవాలె, చేతులు ఆడిచ్చుకుంట."

"పెట్టినోళ్లే ఏసుకోవాలె" అంది స్నేహితురాలు.

వేసుకున్నాను. నాకు కాస్త బిగుతు. "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా, ఒళ్లు చల్లబడ్తది" అన్నాడు ఆయన. సెప్టెంబరు మధ్యాహ్నం, ఉక్కపోత, ఫ్యాన్ లేదు. సోఫాలో నిటారుగా కూచుని, చెప్పినట్టు చేతులు ముందుకూ వెనక్కూ ఆడించాను. మధ్యమధ్యలో ఆయన లేచి వచ్చి వీపు మీద బొటనవేలు జరిపి, "ఇంకింత సేపు" అని పోయి కూచునేవాడు. స్నేహితురాలు నన్ను ఫొటో తీసింది. ఫ్లెక్సీకి పనికొస్తుందంది.

గంట కావొస్తుండగా చెమట మెడ మీద నుంచి కాలర్‌లోకి కారింది. అమ్మ వచ్చి కొంగుతో నా మెడ తుడిచింది. కాలర్ ఎత్తి లోపల కూడా తుడిచింది. "చెమట తగిలితే చెడిపోదా ఇది?" అని ఆయన్ను అడిగింది. "చెడిపోతదమ్మా, తుడువుండ్రి" అన్నాడు.

ఆ తర్వాత అమ్మ పోయి మళ్లీ స్నానం చేసింది. దాన్ని నేను దాచను. ఆమెది ఆమె చేస్తుంది, అందరికీ తెలిసేలా చేస్తుంది. నాలుగేళ్లు నేను చేసింది మాత్రం నాకే తెలియదు.

జాకెట్ విప్పాక ఆయన మళ్లీ వెలుతుర్లో చూశాడు. అడ్డగీత పోయింది. నిలువుగీత జాడ మాత్రం ఉంది. "ఇంక రెండు మూడుసార్లు ఏసుకుంటె కనపడది" అన్నాడు. స్నేహితురాలు దాన్ని మడతపెట్టకుండా, హ్యాంగరుతో సహా పట్టుకుంది. లిఫ్టు దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

"ట్రైనింగ్ అయిపోయినంక మల్ల నీ దగ్గర్నే పెడ్త. సముద్రం యాడికి పోలేదు గద. యాడ పెడ్తవో ఇప్పుడే చూపియ్యి."

బీరువా తెరిచాను. పై అరలో అమ్మ పట్టుచీరలు. కింద రాడ్డుకు నా కుర్తాలు. వాటిని రెండు వైపులకూ జరిపి, నడుమ ఒక జాకెట్ పట్టేంత ఖాళీ చేశాను. ఆమె తల లోపలికి పెట్టి ఆ ఖాళీని చూసింది. "ఫొటో తియ్యనా?" అంది. తియ్యమన్నాను. తీసుకుంది.

ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. పోయిన నెల పిన్ని వచ్చి, మధ్యలో ఈ చోటు ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె కాఫీ తాగకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు మీరు లేవండి. స్టూలు తెచ్చుకుని మీ అటక ఎక్కండి. అక్కడ తోలు వస్తువు కనపడితే అమ్మనో అత్తనో అడిగే ముందు, దాన్ని అక్కడ పెట్టింది ఎవరి చెయ్యో గుర్తు చేసుకోండి. కిందికి దించండి. వెడల్పాటి హ్యాంగరుకు తగిలించండి. బీరువాలో మీ బట్టల నడుమ చోటు చేసి, అందులో పెట్టండి. ఈ రోజే పెట్టండి. ఎవరిదని ఎవరైనా అడిగితే, ఎవరిదో చెప్పండి.